రాక్షసుడి ఎడమ చెవి

5 డిసెంబర్ 1983, సోమవారం

నేసింది: గజమున్నర. ఎర్ర నూలు అయిపోయింది.

ఈ ఏడాది చెవి పెట్టేస్తాను.

మధ్యాహ్నం మొగిలయ్య వచ్చాడు. ఎగ్జిబిషన్‌లో పాతాళ నగరం కాంట్రాక్టు ఈసారి కూడా ఆయనదే. గోదాములోంచి రాక్షసుడి తల, గుహ గోడలు, నేల పలకలు, రాకుమారి బొమ్మ బయటికి తీయించాడట. ఎలుకలు పెద్దగా ముట్టలేదన్నాడు. "రంగులు జర మంచిగ కొట్టు సమ్మయ్యా. పండ్లు మెరవాలె. మిగిలిందంత పోయినేడు ఎట్లుండెనో గట్లనే ఉండాలె" అన్నాడు. తల ఊపాను. లేచేముందు ఎప్పటి మాటే అడిగాడు. "మద్రాసు సంగతి యాదికున్నది గదా?"

ఉంది. గేటు మీద బోర్డు ఉంటుంది, 'మద్రాసు కళాకారులచే నిర్మింపబడిన పాతాళ నగరం' అని. కొత్తవాడలో జంపఖానాలు నేసే బూర సమ్మయ్య చేశాడంటే జనం ఎందుకొస్తారని మొగిలయ్య వాదన. అదీ నిజమే. మొదటి ఏడే నా దగ్గర మాట తీసుకున్నాడు, ఎవ్వరికీ చెప్పనని. ఎవ్వరికీ అంటే ఎవ్వరికీ. అందుకే కట్టుకున్న సరోజనకు కూడా చెప్పలేదు.

సరోజన పరకాలలో వాళ్ళ అన్న ఇంట్లో ఉంది. పోయి ఇరవై ఆరు రోజులు.

6 డిసెంబర్, మంగళవారం

నేసింది: రెండు గజాలు. ఇరవై ఏడు.

8 డిసెంబర్, గురువారం

నేసింది: రెండు గజాలు. సాయంత్రం నయీముద్దీన్ హోటల్‌లో చాయ్.

ఎగ్జిబిషన్‌కు ఇంకా మూడు వారాలుండగానే అక్కడ వాదన మొదలైంది. ఎప్పటిలాగే ముగ్గురు. నయీముద్దీన్ గల్లా దగ్గర. కిషన్ రావు సారు గోడ పక్క బల్ల మీద. కోర్టులో నకళ్ళు రాసి రిటైరైన మనిషి. పరకాల బస్సు కండక్టర్ నర్సయ్య డ్యూటీ దిగి తోలు సంచీతోనే వస్తాడు. నేను కిటికీ దగ్గర కూర్చుంటాను.

కిషన్ రావు సారు పాతాళ నగరం గురించి ఒక నోటుబుక్కు పెట్టాడు. దాంట్లో అన్నీ ఉన్నాయి. రాక్షసుడి నోట్లోంచే లోపలికి పోవాలి, పండ్లు పదిహేడు. గుహలో రాకుమారి గోడవైపు తిరిగి కూర్చుని ఉంటుంది, జడ తప్ప ముఖం కనిపించదు. ఆమెకు నాలుగడుగుల దూరంలో నేలలో పాతుకుపోయిన టైరు చెప్పుల జత. రాక్షసుడికి ఎడమ చెవి లేదు.

"రాకుమారే కొరికింది" అన్నాడు కిషన్ రావు సారు. "చెవి జాగల మూడు గాట్లున్నయి. నేను స్వయంగ చూసిన."

"ఆడిపిల్ల గంత ఎత్తుకు ఎట్ల అందుకున్నది సారూ? నిచ్చెనేసుకున్నదా?" అన్నాడు నర్సయ్య.

"వాడు పండుకున్నప్పుడు."

"పండుకుంటె కండ్లు గంత ఎర్రగ ఎట్ల ఎలుగుతాంటయి?"

"వాడు రాక్షసుడయ్యా. కండ్లు తెరిచే పండుకుంటడు."

నర్సయ్య ఒప్పుకోలేదు. రాక్షసుడే తన చెవి కోసి ఇచ్చుకున్నాడని ఆయన పక్షం. రాకుమారి ఏడుపు వినలేక ఒకటి కోసుకున్నాడట. ఎప్పుడైనా పాట పాడుతుందేమోనని రెండోది ఉంచుకున్నాడట. పోయిన సంవత్సరం పరకాల బస్సులో ఈ సంగతి మీద రెండు సీట్ల వాళ్ళు కొట్టుకునేదాకా వచ్చిందని, ములుగు రోడ్డు మీద బండి ఆపాల్సి వచ్చిందని చెప్పాడు.

"అరే భాయ్, చెవి పక్కకు వెట్టుండ్రి" అన్నాడు నయీముద్దీన్. "చెప్పులు ఎవలియి? ఆమె కోసమొచ్చిన రాజకుమారునివైతే టైరు చెప్పులేంది?"

"మారువేషం" అన్నాడు కిషన్ రావు సారు, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా. "ఎడమ చెప్పు పట్టెకు ఎర్ర దారం కుట్టు ఉన్నది. మామూలోని చెప్పుకు ఎర్ర దారం ఎందుకుంటది? అది రాజముద్ర."

నయీముద్దీన్ నా వైపు తిరిగాడు. "సమ్మన్నా, నువ్వేమంటవ్?"

"నాకేం తెలుసు" అన్నాను.

"ఏమన్న అననీకె నోరు తెరుస్తడా ఈ మనిషి" అన్నాడు నర్సయ్య. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. చాయ్ తాగి వచ్చాను.

11 డిసెంబర్, ఆదివారం

నేయలేదు. గోదాములో పని.

ఇక్కడ రాసుకుంటే ఎవరికీ చెప్పినట్టు కాదు గనక రాస్తున్నాను.

మొదటి ఏడు పని అంతా అయ్యాక చెవి దగ్గర ప్లాస్టర్ అయిపోయింది. మర్నాడే ప్రారంభం. నాకు తెలిసిన పద్ధతి ఒకటే. పడుగుకు పెట్టే గంజి కాచి, పాత జంపఖానా ముక్కలు అందులో ముంచి, చెవి ఆకారంలో ఒత్తి ఆరబెట్టాను. చెక్కలాగా బిగుసుకుంది. చాలా మంచి చెవి. కానీ తొందరలో పురుగూ పశువూ ముట్టకుండా గంజిలో వేసే మైలుతుత్తం వేయడం మరిచిపోయాను. మైలుతుత్తం లేని గంజి అంటే బియ్యమే కదా. చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి, మా వాడలో.

పొద్దున పోయేసరికి ఎవరిదో మేక, నిచ్చెన పక్కన పేర్చిన పెట్టెలెక్కి, చెవి పీక్కుని దిగుతోంది. మూడు గాట్లు దాని పండ్లవి. నేను "హేయ్" అన్నాను. అది నన్ను చూసి నమిలింది. పది గంటలకు గేటు తెరిచారు.

చెప్పులు కూడా ఆ రోజువే. గుహ నేల ప్లాస్టర్ ఇంకా తడిగా ఉందని అక్కడే విప్పాను. తిరిగి చూసేసరికి గట్టిపడిపోయి రాలేదు. ఉత్త కాళ్ళతో ఇంటికి పోయాను. "చెప్పులేవయ్యా?" అంది సరోజన. "పోయినయి." "ఏడ?" "ఏడనో." పది రోజుల ముందే ఆ ఎడమ చెప్పు పట్టె తెగితే జంపఖానా ఎర్ర నూలుతో తనే కుట్టింది.

ఇవాళ కొత్త చెవి చేశాను. మైలుతుత్తం రెండింతలు. ఏ మేకా ముట్టదు.

13 డిసెంబర్, మంగళవారం

నేసింది: రెండున్నర గజాలు.

హోటల్ బయట నర్సయ్య అడిగాడు. "రేపు పరకాల డ్యూటీ అన్నా. వదినకు ఏమన్న చెప్పాల్నా?"

ఆలోచించాను. "ఎర్ర నూలు వచ్చిందని చెప్పు" అన్నాను.

"గంతేనా?"

"గంతే."

15 డిసెంబర్, గురువారం

నేసింది: గజం.

నర్సయ్య బదులు తెచ్చాడు. "సంతోషం అన్నదే వదిన." ఏ రకంగా అన్నదని అడిగాను. "సంతోషం అన్నట్టు అనలే" అన్నాడు.

ఆమె పోయిన రోజు ఏం జరిగిందో రాసుకోలేదు. పెద్దగా ఏమీ జరగలేదు. మొగిలయ్య మనిషి వీధిలోంచి పిలిస్తే పోయి వచ్చాను. "మూడేండ్ల సంది చలికాలం రాంగనే ఏడికి పోతాన్నవయ్యా?" అని అడిగింది. పని ఉందన్నాను. "ఏం పని?" ఉందన్నాను. "మగ్గమన్న టకటకమంటది. నీకు గది గూడ రాదు. ఎప్పుడు సూడు గోడదిక్కు తిరిగి ఆ బుక్కుల రాసుడు" అని బట్టలు సర్దుకుంది. ఆపుదామనే అనుకున్నాను. మాట వెతుకుతుండగా బస్సు వెళ్ళిపోయింది.

19 డిసెంబర్, సోమవారం

గోదాములో రాకుమారికి రంగు. జడకు నలుపు, చీరకు ఆకుపచ్చ. ముఖానికి రంగు అక్కర్లేదు, ఎవరూ చూడరు.

ఈ బొమ్మను గోడవైపు తిప్పింది కళ కోసం. మొగిలయ్యకు మద్రాసు పద్ధతి అని చెప్పాను. ముఖం ఎవరిలాగానో వచ్చిందని కాదు. ముఖం ఎవరిలాగానూ లేదు. ముక్కు అందరికీ ఉంటుంది. ఎడమ కనుబొమ్మ మీద మచ్చ కూడా చాలామందికి ఉంటుంది.

1 జనవరి 1984, ఆదివారం

ప్రారంభం. చెవితో సహా.

గేటు ముందు, జనంలో ఒకడిగా నిలబడ్డాను. చెవి బాగా కుదిరింది. సాయంత్రపు ఎండ దాని మీద పడింది. రెండేళ్ళుగా గుచ్చుకుంటున్న ముల్లు తీసినట్టయింది.

ఐదింటికి వాళ్ళు ముగ్గురూ వచ్చారు. ముందు నర్సయ్య ఆగాడు. తర్వాత నయీముద్దీన్ నర్సయ్య వీపుకు కొట్టుకుని ఆగాడు. కిషన్ రావు సారు కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఇదేంది?"

"చెవి" అన్నాడు నర్సయ్య.

"చెవి అని నాకు కనవడ్తాంది. ఎవడు వెట్టిండు దీన్ని? ఎవడా గాడిద?"

నేను బఠానీల బండి వైపు చూశాను.

"కథంత ఖరాబ్ చేసిండ్రు" అన్నాడు నయీముద్దీన్. "చెవి ఉంటె ఇగ వాడు ఏం రాక్షసుడు? మా బావమరిది లెక్క ఉన్నడు."

కొరికిన పక్షం, ఇచ్చిన పక్షం మొదటిసారి ఒక్కటయ్యాయి. లోపలికి పోకుండానే వెనక్కి పోయారు. పోతూ నర్సయ్య నన్ను చూసి, "చూసినవా అన్నా, గెంత అన్యాయమో!" అన్నాడు.

"ఊఁ" అన్నాను.

నాకేమీ అనిపించలేదు. ఇంటికొచ్చి అన్నం వండుకోలేదు. ఆకలి లేదు.

3 జనవరి, మంగళవారం

నేసింది: అరగజం.

కిషన్ రావు సారు అర్జీ రాశాడు, మద్రాసు కళాకారులకు. నాలుగు పేజీలు. హోటల్‌లో చదివి వినిపించి సంతకాలు తీసుకున్నాడు. 'ఓరుగల్లు ప్రేక్షకుల మనోభావములను గాయపరచిన సదరు చెవిని తక్షణమే తొలగింపవలెను' అని ముగింపు. పరకాల బస్సులోనే యాభై సంతకాలు వచ్చాయట. తొర్రూరు, మరిపెడ బస్సుల కండక్టర్లకు కూడా కాగితాలిచ్చారు.

నన్నూ సంతకం పెట్టమన్నారు. పెట్టాను. పెట్టకపోతే ఎందుకని అడుగుతారు.

5 జనవరి, గురువారం

మొగిలయ్య అర్జీ పట్టుకొని వచ్చాడు. నా సంతకం చూపించి, "ఇదేంది?" అన్నాడు. చెప్పాను. అర్జీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "సరే. మద్రాసోళ్ళ దిక్కుకెల్లి జవాబు నువ్వే రాయి. జర గొప్పగ ఉండాలె" అన్నాడు.

రాశాను. దస్తూరి గుర్తుపడతారని అక్షరాలను ఎడమకు వాల్చి రాశాను. ముందు నాలుగు ముక్కలే అనుకున్నాను. కలం ఆగలేదు. నకలు ఇక్కడ ఉంచుకుంటున్నాను:

'మహాశయులారా, మీ విజ్ఞప్తి అందినది. చెవి మా తొలి ప్రణాళికలోనే యున్నది. ప్రారంభము నాటి ఉదయము ఒక మేక దానిని భక్షించినది. రాకుమారి కొరుకలేదు. రాక్షసుడు కోసికొనలేదు. పండ్లు పదిహేడగుటకు ప్లాస్టర్ చాలకపోవుటయే కారణము. చెప్పులు పనివానివి. రెండేండ్లుగా ఆ చెవి లేమిని చూచి మేమెంత బాధపడితిమో మీకు తెలియదు. దయచేసి ఆ చెవిని ఉండనిండు. అది మంచి చెవి.'

చివరి రెండు వాక్యాలు మద్రాసు వాళ్ళు రాసినట్టు లేవు. కొట్టేయలేదు.

7 జనవరి, శనివారం

నేసింది: గజం.

హోటల్‌లో జవాబు చదివారు. కిషన్ రావు సారు మేక దగ్గరికొచ్చి ఆగాడు. మళ్ళీ చదివాడు.

"మేక!" అన్నాడు. "విన్నరా? పాతాళంల మేక! మనల్ని ఎక్కిరిస్తాండ్రు వీళ్ళు. వరంగల్లోళ్ళు అంటె మేకలు గాసుకునేటోళ్ళనుకున్నరు."

"ప్లాస్టర్ చాలలేదంట" అన్నాడు నయీముద్దీన్. "మద్రాసుల ప్లాస్టర్ కరువచ్చిందా?"

"పనోని చెప్పులట! పనోడు చెప్పులిడిసి పోతె ఇంట్ల పెండ్లాం అడగదా?" అన్నాడు నర్సయ్య.

కిషన్ రావు సారు కాగితం వెలుతురుకు పట్టాడు. నలభై ఏళ్ళు దస్తూరీలు చూసిన మనిషి. నేను గ్లాసు ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. "ఈ అక్షరాల వాలు చూడుండ్రి" అన్నాడు. "ఈ మనిషి వట్టి వాగుడుకాయ. పొద్దంత నోరు మూయడు. ఇసుంటోని మాట అస్సలు నమ్మొద్దు."

12 జనవరి, గురువారం

నేసింది: గజమున్నర. అరవై నాలుగు రోజులు.

సరోజనకు ఉత్తరం మొదలుపెట్టాను. 'ఇక్కడ క్షేమం. అక్కడ క్షేమమని తలుస్తాను.' తర్వాత ఏం రాయాలో తోచలేదు. మద్రాసు వాళ్ళ పేరు మీద అయితే పేజీ నిండా రాశాను.

ఎగ్జిబిషన్‌కు మాత్రం జనం పెరిగారు. చెవిని తిట్టడానికి దూరం ఊళ్ళ నుంచి వస్తున్నారు. చెవితో జనం రారేమోనని మొగిలయ్యకు ముందున్న ఫికర్ ఇప్పుడు లేదు.

18 జనవరి, బుధవారం

నేసింది: గజం.

నయీముద్దీన్ అక్క తాహెరా బేగం దవాఖానలో నర్సు. డ్యూటీ దిగి ఇంటికి పోతూ హోటల్ వెనక గదిలో చాయ్ తాగుతుంది. మధ్యలో పరదా. ఇవాళ వీళ్ళ వాదన ముదిరాక పరదా వెనక నుంచి గిన్నె చప్పుడైంది.

"ఎన్నొద్దులు చెవి చెవి అంటరు?" అంది. "మొగోళ్ళు ఇంతమంది కూసోని, చెవి ఎట్ల వోయిందని అడుగుతాన్రు. గా పిల్ల గోడదిక్కు ఎందుకు తిరిగి కూసున్నదని ఒక్కడన్న అడుగుతలేడు."

"ఎందుకు ఆపా?" అన్నాడు నర్సయ్య.

"చెప్పి చెప్పి ఇసుగొచ్చి తిరిగింది. వాడు ఎన్నడన్న విన్నడా? వినని చెవి ఉండి ఏం ఫాయిదా? ఎండిపోయి రాలిపోయింది. కొరుకుడు లేదు, కోసుడు లేదు. ఆమె ఇటు తిరగాల్నంటె ముందుగాల వాడు నోరు తెరిచి ఏమన్న అనాలె. వాడు నోరు తెరిచింది లోపటికి జనాన్ని పంపనీకె గాని, మాట్లాడనీకె కాదు."

కిషన్ రావు సారు నోటుబుక్కు తెరిచి కొత్త పేజీ తీశాడు.

ఇది పూర్తిగా తప్పు. మేక తిన్నది. నా కళ్ళతో చూశాను.

డెబ్బై.

19 జనవరి, గురువారం

మేక తిన్నది.

22 జనవరి, ఆదివారం

మొగిలయ్య ఎగ్జిబిషన్‌లో మైకు పెట్టి ప్రకటించాడు. చివరి రోజు, అంటే ఫిబ్రవరి ఐదున, రెండు విశేషాలట. సాయంత్రం నాలుగింటికి రాకుమారి ముఖం జనం వైపు తిప్పుతారు. ఐదింటికి ప్రజల కోరిక మీద రాక్షసుడి చెవి కోస్తారు.

పరుగెత్తుకుంటూ పోయాను. చెవి సరే, ముఖం వద్దన్నాను. "ఎందుకు వద్దు? ముఖం మంచిగ లేదా?" అన్నాడు. బాగానే ఉందన్నాను. "మరింకేంది?" మద్రాసు పద్ధతి కాదన్నాను. "ఆ మద్రాసు నేనే పుట్టిచ్చిన సమ్మయ్యా, నాకే చెప్తవా" అన్నాడు.

కొత్తవాడ అంతా వస్తుంది. ప్రతి గడపకూ సరోజన తెలుసు. ఊరంతా చూసిన ముఖం సంగతి ఆమె అందరికన్నా చివర వినాలి, అదీ ఎవరి నోటనో. ఇప్పుడే రానిది, అది తెలిస్తే ఇక అసలే రాదు.

ముఖం ఎవరిలాగానూ లేదు కానీ, అనుకునేవాళ్ళు అనుకుంటారు.

27 జనవరి, శుక్రవారం

ఎగ్జిబిషన్‌కు సెలవు. ముఖం మార్చడానికి ఉలి, తడి గుడ్డ, గిన్నెలో ప్లాస్టర్ పట్టుకుని గుహలోకి పోయాను. బొమ్మను ఇటు తిప్పాను. ముందు ముక్కు తీసేద్దామనుకున్నాను. తర్వాత మచ్చతో మొదలుపెడదామనుకున్నాను.

దుమ్ము పట్టి ఉంది. తుడిచాను. పెదవి దగ్గర పెచ్చు ఊడింది, అతికించాను. ముక్కుపుల్ల మొదట పెట్టలేదు, పెట్టాను. గిన్నెలో ప్లాస్టర్ గట్టిపడిపోయింది.

గుహలో ఎవరూ లేరు గనక ఒక మాట అన్నాను, బొమ్మతో. ఇక్కడ రాయను. మళ్ళీ గోడవైపు తిప్పి వచ్చాను.

31 జనవరి, మంగళవారం

నేయలేదు.

నర్సయ్య సాయంత్రం వచ్చి, "వదిన ఇయ్యాల మా బస్సెక్కిందన్నా, శాయంపేట దాంక" అన్నాడు. దారి పొడుగునా ఆమెకు పాతాళ నగరం కథంతా చెప్పాడట. చెవి, మేక, మద్రాసు వాళ్ళ పొగరు. ముందు కిటికీలోంచి చూస్తూ ఊకొట్టిందట. చెప్పుల దగ్గరికి వచ్చేసరికి ఇటు తిరిగిందట.

"'ఎర్ర దారం కుట్టా? కుట్టు అడ్డంగనా, కత్తెర లెక్కనా?' అని అడిగిందన్నా. కత్తెర లెక్కనే అన్న. ఎన్నేండ్ల సంది ఉన్నయన్నది. మూడోయేడు అన్న. ఇగ ఒక్క ముచ్చట మాట్లాడలే. దిగేటప్పుడు నవ్విందో కోపమొచ్చిందో తెలుస్తలేదు. వదిన గూడ మన పక్షమే అంటవా?"

"నాకేం తెలుసు" అన్నాను.

ఉలి పదును పెట్టి ఉంచాను. రేపు పోయి ముక్కు తీసేస్తాను.

1 ఫిబ్రవరి, బుధవారం

పోలేదు. కాలు నొప్పి.

3 ఫిబ్రవరి, శుక్రవారం

కాలు నొప్పి.

5 ఫిబ్రవరి, ఆదివారం

వరసగా రాస్తాను. లేకపోతే కలిసిపోతుంది.

చెవి కోయడానికి మొగిలయ్య నన్నే పెట్టాడు, కూలి మనిషిగా. మూడున్నరకే రంపం పట్టుకుని నిచ్చెన ఎక్కి రాక్షసుడి తల వెనక కూర్చున్నాను. అక్కడినుంచి ఎవరికీ కనపడను. ముఖం తిప్పే సమయానికి లోపల ఉండదలుచుకోలేదు.

నాలుగైంది. జనం రాక్షసుడి నోట్లోంచి లోపలికి పోయారు, ముందు మా హోటల్ ముగ్గురు, వెనక తాహెరా బేగం. మైకులో మొగిలయ్య మూడు లెక్కపెట్టాడు. లోపల గోల అయింది. తర్వాత గోల ఆగిపోయింది.

నా కింద, పదిహేడు పండ్ల మధ్యలోంచి, సరోజన బయటికి వచ్చింది. చేతిలో టైరు చెప్పుల జత, అడుగున ప్లాస్టర్ పెళ్ళలతో సహా. వెనక కిషన్ రావు సారు నోటుబుక్కు తెరిచి పట్టుకుని, ఒకసారి ఆమె కనుబొమ్మనూ ఒకసారి గుహలోకీ చూస్తూ వచ్చాడు.

ఆమె తల పైకెత్తింది. "దిగు" అంది.

దిగాను. సగం దాకా.

"ఇవి ఏడనో పోయినయంటివి?"

"ఊఁ."

"చలికాలం రాంగనే పోయేది గీడికేనా?"

"ఊఁ."

"నేను ఏమేమో అనుకుంటి. మూడు నెలలు మా వదినె చేతి చారు తాగుకుంట కూసుంటి." కొంగుతో ముక్కు తుడుచుకుంది. కోపమే అనుకుంటాను. "రెండేండ్లు నన్ను గోడదిక్కు తిప్పి కూసోవెడ్తివా? అదీ గింత లావు ముక్కుతోని?"

అప్పుడు మాట్లాడాను. నిచ్చెన మీద సగంలో నిలబడి, అంతమంది ముందు. మొగిలయ్య కళ్ళతో వద్దంటూనే ఉన్నాడు. నేను ఇచ్చిన మాట ఆయన చూస్తుండగానే తెగిపోయింది. మద్రాసు లేదని చెప్పాను. ప్లాస్టర్ అయిపోవడం, గంజి, మైలుతుత్తం మరిచిపోవడం, మేక, చెప్పులు, అన్నీ చెప్పాను. ఆ ముఖం ఎందుకట్లా వచ్చిందని కూడా చెప్పాను. చేతులకు తెలిసిన ముఖం అదొక్కటే, వేరేది చేయబోయినా అదే వచ్చిందని. సిగ్గేసి తిప్పానని. నేను ఇంత పొడుగు మాట్లాడటం నేనే మొదటిసారి విన్నాను.

ముందు నయీముద్దీన్‌కు మాట వచ్చింది. "మూడేండ్ల సంది నా బల్ల మీద కూసోని, నా చాయ్ తాగుకుంట, ఇవన్ని ఇనుకుంట కూసున్నవా సమ్మన్నా?"

"గాడిదన్నది నిన్నేనా?" అన్నాడు నర్సయ్య. "అర్జీల సంతకం గూడ వెడ్తివి గదనే!"

కిషన్ రావు సారు మాత్రం తల అడ్డంగా ఊపాడు. "చేసినోడివి నువ్వే కావొచ్చు సమ్మయ్యా" అన్నాడు. "గని కథ నీకు తెల్వది. మేకనట! తాహెరమ్మ చెప్పిందే ఖాయం. రాసుకున్న."

జనం నవ్వారు. ఐదైంది. మొగిలయ్య చెమట తుడుచుకుని మైకు అందుకున్నాడు. "మద్రాసు నుంచి వచ్చి కొత్తవాడల స్థిరపడ్డ కళాకారుడు సమ్మయ్య, ఇప్పుడు సొంత చేతులతోని..." అని మొదలుపెట్టాడు. నాకు చెవి వైపు చూపించాడు. రంపం ఎత్తాను. మాటిచ్చాను కదా, కోయాలి. మంచి చెవి.

"ఆగు" అంది సరోజన.

ఆగాను.

"దాన్ని ఉండనియ్యి. ఇయ్యాలనే గదా నోరు తెరిచింది. చెవి గూడ ఒకటి ఎక్కువనే ఉండనియ్యి." చెప్పులు నిచ్చెన కింద పడేసింది. "తొడుక్కో. ఇంటికి పోదాం."

అర్జీ పెట్టినవాళ్ళు మూడొందల మంది. ఒక్కరు కూడా కోయమనలేదు. తాను మొదటినుంచీ ఇచ్చిన పక్షమేనని, ఇచ్చిన చెవే తిరిగి వచ్చిందని నర్సయ్య వెంటనే చెప్పడం మొదలుపెట్టాడు.

చెప్పుల కింద పెళ్ళలతో నడవడం కష్టం. ఇంటిదాకా నడిచాను.

6 ఫిబ్రవరి, సోమవారం

నేసింది: ఏమీ లేదు.

సరోజన కండెలు చుడుతూ పరకాల సంగతులు చెప్తోంది. వాళ్ళ వదినె చారులో ఉప్పు వేయదట. ముక్కు విషయం మూడుసార్లు అయింది. వచ్చే ఏడు తగ్గిస్తానన్నాను. వద్దట, ఊరంతా చూసిందట, ఇప్పుడు తగ్గిస్తే బాగుండదట. ఇంకా ఏదో చెప్తోంది, నేను రాస్తున్నందుకు సగమే వినబడు...

రాసింది చాలు, గోడదిక్కు కాదు, ఇటు తిరుగు అంటోంది.

తిరుగుతున్నాను.